కాపీ వేరు, పాట వేరు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పటిదాకా పెద్దలు చాలా మంచి విషయాలు చెప్పారు. భూమి గురించి, అడవి హక్కుల గురించి, చదువు గురించి చెప్పారు. నాకు మాత్రం సంఘం వాళ్లు చిన్న పని అప్పగించారు. మన ఊళ్లలో ఫోన్లలో, మెమరీ కార్డుల్లో, పెన్ డ్రైవుల్లో చెల్లాచెదరుగా ఉన్న పాటలన్నీ ఒకచోట చేర్చాలి, అందులో రెండుసార్లు, మూడుసార్లు వచ్చినవి తీసేయాలి, అది ఎలా చేయాలో చెప్పమన్నారు. పాట గురించి చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ సభలోనే ఉన్నారు. మోరీ ఊదేవాళ్లు, తుడుము కొట్టేవాళ్లు, దింసా కట్టించేవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. నేను జాబితా గురించి మాట్లాడతాను. జాబితాలు రాయడం, కలపడం, సరిచూడడం వార్డెన్లకు రోజూ ఉన్న పనే కదా.

ముందుగా ఇది ఇప్పుడే ఎందుకు చేయాలో చెబుతాను. కోయల డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథతో పాటు కోయ వంశాల కథలు ఆయన నోటి మీద ఉండేవి. మర్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆ ఇద్దరూ మనల్ని విడిచి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు దేశానికి తెలుసు కాబట్టి పత్రికల్లో వచ్చింది. మన ఊళ్లలో పేరు బయటికి తెలియని అవ్వలు, తాతలు ఎంతమంది వెళ్లిపోతున్నారో మీకే తెలుసు. వాళ్ల గొంతు మిగిలి ఉంటే ఏ మనవడి ఫోన్లోనో, పెళ్లి వీడియోలోనో, పగిలిన ఫోన్లోంచి తీసి బియ్యం డబ్బాలో దాచిన మెమరీ కార్డులోనో మిగిలి ఉంటుంది. ఆ కార్డు ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చేర్చే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

చేర్చడం మొదలుపెట్టగానే ఎదురయ్యే చిక్కు డూప్లికేట్లు. ఒక పిల్ల పండగ సెలవుల్లో పాట రికార్డు చేస్తుంది. బ్లూటూత్‌లో అక్కకు పంపుతుంది, అక్క వాట్సాప్‌లో బావకు పంపుతుంది, బావ మొబైల్ షాపులో కార్డులోకి వేయించుకుంటాడు. ఐదు ఫోన్లలోంచి 40 చొప్పున తెచ్చి కలిపామనుకోండి. జాబితాలో 200 పాటలు కనబడతాయి. నిజానికి అన్ని ఉండవు. వీటిని ఏరిపెట్టడానికి కంప్యూటర్లో ఉచితంగా దొరికే సాధనాలు చాలా ఉన్నాయి. వాటిని తప్పకుండా వాడాలి. అయితే ఏ పని యంత్రానికి వదలొచ్చు, ఏ పని మన చెవికే ఉంచుకోవాలి అన్నది తెలిసి వాడాలి. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట గురించే.

మొదట ప్లేలిస్ట్ అంటే ఏమిటో చూద్దాం. చాలామంది ప్లేలిస్ట్ అంటే పాటల మూట అనుకుంటారు. అది మూట కాదు, చీటీ. మా హాస్టల్లో హాజరు పట్టీ ఉంటుంది. పట్టీలో పిల్లల పేర్లు ఉంటాయి, పిల్లలు గదుల్లో ఉంటారు. ప్లేలిస్ట్ కూడా అంతే. 1990ల నుంచి వాడుకలో ఉన్న ఎం3యూ అనే రకం ప్లేలిస్ట్‌ను మామూలుగా తెరిస్తే అందులో ఉండేవి కొన్ని వరుసల అక్షరాలు. ఒక్కో వరుసలో ఒక్కో పాట చిరునామా. ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డర్లో, ఫలానా పేరుతో పాట ఉందని రాసి ఉంటుంది. దాని పైన పాట పేరు, ఎన్ని సెకన్లు అన్నది కూడా ఉండొచ్చు. అంతకు మించి ఏమీ లేదు.

దీన్నిబట్టి మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి. ప్లేలిస్ట్ ఒక్కటే పెన్ డ్రైవులో వేసి పంపితే అవతలివాళ్లకు పాట వినబడదు. పట్టీ పంపితే పిల్లలు వెళ్లరు కదా. పాటల ఫోల్డరు, ప్లేలిస్టు రెండూ కలిపి పంపాలి. చిరునామాలో డ్రైవు పేరు లేకుండా, ఈ ఫోల్డరు పక్కనే ఉందన్నట్టు రాస్తే ఏ కంప్యూటర్లో పెట్టినా పాడుతుంది.

రెండు. ప్లేలిస్ట్‌లోంచి ఒక వరుస కొట్టేస్తే పాట పోదు, చీటీలో పేరు మాత్రమే పోతుంది. కానీ కొన్ని సాధనాలు ఫోల్డర్లోని పాటనే తీసేస్తాయి. మీరు వాడుతున్నది ఏ రకమో నొక్కే ముందే తెలుసుకోవాలి. ఉదాహరణకు ఫూబార్2000 అనే ప్లేయర్లో ప్లేలిస్ట్‌లోని నకళ్లను తీసేసే సదుపాయం ఉంది. అది జాబితా పని. డూప్‌గురు అనే ఉచిత సాధనం ఫోల్డర్లలోకి వెళ్లి ఫైళ్లనే వెతుకుతుంది, తీసేస్తుంది. ఇది పాటలతో పని. రెండూ మంచివే, రెంటి ప్రమాదం మాత్రం ఒకటి కాదు.

మూడు. ఫైలు పేర్లు తెలుగులో ఉంటే ప్లేలిస్ట్‌ను ఎం3యూ8 రకంగా దాచుకోవాలి. అది యూనికోడ్‌లో ఉంటుంది. పాత రకంలో దాస్తే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగానో డబ్బాలుగానో మారి, చిరునామా తప్పి పాట మోగదు. పాట పోయిందని కంగారుపడతాం. నిజానికి పోయింది దాని పేరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెండు పాటలు ఒకటేనని యంత్రం ఎలా గుర్తుపడుతుంది? నాలుగు దారులున్నాయి. నాలుగూ నాలుగు రకాల పనులు చేస్తాయి.

మొదటి దారి చిరునామా చూడడం. రెండు జాబితాలు కలిపినప్పుడు ఒకే చిరునామా రెండుసార్లు వస్తే మొదటిది ఉంచి రెండోది తీసేస్తుంది. ఇది కళ్లు మూసుకుని చేయించొచ్చు. ఒకే పిల్ల పేరు పట్టీలో రెండుసార్లు పడితే ఒకటి కొట్టేసినట్టు.

రెండో దారి ఫైలు లోపలి సమాచారం మొత్తాన్ని లెక్కకట్టి ఒక గుర్తు తయారుచేయడం. దీన్ని హ్యాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ప్రతి ఫైలుకూ 64 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు వస్తుంది. ఫైలు పేరు మార్చినా ఈ గుర్తు మారదు. లోపల ఒక్క చుక్క మారినా గుర్తంతా మారిపోతుంది. కాబట్టి రెండు ఫైళ్ల గుర్తులు కలిశాయంటే అవి నూటికి నూరుపాళ్లు ఒకదానికొకటి నకలని నమ్మొచ్చు. వాట్సాప్‌లో వచ్చిన పాటకు పేరు మారిపోయి ఏయూడీ అనే అక్షరాలు, తేదీ, డబ్ల్యూఏ, ఒక సంఖ్య పడతాయని మీకు తెలుసు. పేరు మారినా లోపల మారకపోతే ఈ దారిలో దొరికిపోతుంది. దీనికి ఉన్న లోటు ఏమిటంటే, అదే పాటను ఇంకో రకం ఫైలుగా మార్చినా, చివర రెండు సెకన్లు కత్తిరించినా వేరే పాట అనుకుంటుంది. అంటే కొన్ని నకళ్లను వదిలేస్తుంది. ఏ పాటకూ అన్యాయం మాత్రం చేయదు.

మూడో దారి ధ్వనిని వినడం. మనిషికి వేలిముద్ర ఉన్నట్టే రికార్డింగుకు ధ్వనిముద్ర ఉంటుంది. క్రోమాప్రింట్ అనే ఉచిత సాధనం పాటలో ఏ సమయానికి ఏ స్వరాలు ఎంత బలంగా ఉన్నాయో చూసి ఆ ముద్ర తయారుచేస్తుంది. ఫైలు రకం మారినా, నాణ్యత తగ్గినా అదే రికార్డింగని పసిగడుతుంది. ఇది చాలా పనికొచ్చే దారి. కానీ అది మామూలుగా పాటలో మొదటి 120 సెకన్లే చూస్తుంది. మన పాటలు సినిమా పాటల్లా నాలుగు నిమిషాల్లో అయిపోవు. పండగ రాత్రి మొదలైన దింసా పాట అరగంట సాగుతుంది. ఒకరి దగ్గర అరగంట పాట ఉండి, ఇంకొకరు అందులో మొదటి మూడు నిమిషాలు కత్తిరించి దాచుకుంటే రెంటికీ మొదలు ఒకటే. అందుకని ముద్ర కలిసినా నిడివి చూడాలి, పొడుగుది ఉంచాలి.

నాలుగో దారి పేర్లు చూడడం. పాట పేరు, పాడినవారి పేరు, ఆల్బం పేరు, ఇవి ఎంపీ3 ఫైలు లోపల చిన్న చీటీలా రాసి ఉంటాయి. ఆ పేర్లు కలిస్తే, లేదా నూటికి 80 వంతులో 90 వంతులో దగ్గరగా ఉంటే రెండూ ఒకటేనని యంత్రం చెబుతుంది. ఎంత దగ్గరగా ఉంటే చాలో మనమే పెట్టుకోవచ్చు. సినిమా పాటలకు ఈ దారి బాగానే పనిచేస్తుంది. మన పాటలకు వచ్చేసరికి రెండువైపులా తప్పుతుంది.

ఎలా తప్పుతుందో చూడండి. మన ఆటనే తీసుకోండి. దింసా అని రాసేవాళ్లున్నారు, ధింసా అని రాసేవాళ్లున్నారు, థింసా అని, దిమ్సా అని కూడా రాస్తారు. యంత్రానికి ఇవి నాలుగు పేర్లు. కువి, కొండ, పోర్జ, గదబ, ఆదివాసీ ఒడియా మాటల్ని తెలుగు లిపిలో రాసేటప్పుడు ఒకరు వత్తు పెడతారు, ఒకరు పెట్టరు. ఇంకా విచిత్రం ఒకటుంది. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు పక్కన కంటికి కనబడని అక్షరం ఒకటి పడుతుంటుంది. ఆ అక్షరం ఒక పేరులో ఉండి ఇంకో పేరులో లేకపోతే, మన కంటికి రెండూ అచ్చు ఒకేలా ఉన్నా యంత్రానికి వేరువేరు.

ఇది ఒకవైపు తప్పు. దీనివల్ల నకళ్లు మిగిలిపోతాయి, పెద్ద నష్టం లేదు. రెండోవైపు తప్పు ప్రమాదకరం. మన పిల్లలు ఫైళ్లకు పెట్టే పేర్లు ఎలా ఉంటాయి? "పెళ్లి పాట", "అవ్వ పాట", "నాట్ల పాట", "పండగ పాట". పాడినవారి పేరు ఉండాల్సిన చోట "తెలియదు" అని యంత్రమే రాసుకుంటుంది. పది ఊళ్ల నుంచి పది "పెళ్లి పాట"లు వస్తే యంత్రం ఒకటి ఉంచి తొమ్మిది తీసేయమంటుంది. ఇందాక 200 పాటలు అనుకున్నాం. చిరునామా, హ్యాష్ చూసి నకళ్లు తీస్తే 150 మిగిలాయనుకోండి. పేర్లు చూసి తీస్తే 90 మిగిలాయనుకోండి. ఆ మధ్యలో పోయిన 60 పాటల్లోనే మన ఊళ్లు ఉంటాయి.

ఎందుకంటే మన పాట తయారయ్యే తీరు వేరు. సినిమా పాటకు ఒక అసలు ప్రతి ఉంటుంది. స్టూడియోలో ఒకసారి పాడతారు, మిగతావన్నీ దాని కాపీలు. మన పాటకు అలాంటి అసలు ప్రతి లేదు. పాడిన ప్రతిసారీ అదే అసలు. పెళ్లి పాటలో ఆ పెళ్లికూతురి ఇంటిపేరు వస్తుంది, ఆ ఊరి వాగు వస్తుంది. కొత్తల పండగ పాటలో ఒక ఊరివాళ్లు సామ అంటే పక్క ఊరివాళ్లు కొర్ర అంటారు, ఎందుకంటే వాళ్ల పోడులో పండేది అది. కొలుపు పాటలో ఒక ఊరి దేవత పేరు తర్వాత ఆమె ఏ కొండ మీద నుంచి వచ్చిందో చెబుతారు. బాణీ ఒకటే, ఎత్తుగడ ఒకటే. మధ్యలో మారిన ఆ నాలుగు మాటలే ఆ ఊరి చరిత్ర, వాళ్ల దగ్గరున్న కాగితం.

దింసానే చూడండి. బయటివాళ్లకు దింసా అంటే ఒక నాట్యం. అరకు వచ్చిన పర్యాటకులకు గంటసేపు చూపించేది. మనకు బోడ దింసా వేరు, గుండేరి దింసా వేరు. గొడ్డిబేట, పొతర్‌తోలా, బాగ్, నాటికారి, కుండ, బాయ, ఇలా ఒక్కోదానికి ఒక్కో అడుగు, ఒక్కో సందర్భం. ఊరి దేవతను కొలిచే బోడ దింసాను, ఆకులు ఏరడాన్ని చూపించే పొతర్‌తోలాను "దింసా పాట" అన్న ఒకే పేరు కింద పెడితే యంత్రం ఏం చేస్తుంది? ఒకటి చాలంటుంది. దాని తప్పేమీ లేదు, మనం చెప్పిన పేరునే అది నమ్మింది.

మా పిల్లలతో ఒకసారి ఈ పని చేయించాను. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు సెలవుల్లో వాళ్ల అమ్మమ్మల దగ్గర నాట్ల పాట రికార్డు చేసుకొచ్చారు. కంప్యూటర్లో పేర్ల దారిలో పోల్చి చూపించాను. రెండూ ఒకటేనంది. "మరి మీరేమంటారు?" అని అడిగి రెండూ వినిపించాను. మొదటి మూడు చరణాలదాకా పిల్లలందరూ ఒకటే పాట అన్నారు. నాలుగో చరణంలో ఒక అమ్మమ్మ ఒక గెడ్డ పేరు చెప్పింది. పిల్లలకు ఆ పేరు తెలియదు. ఆ పిల్ల మాత్రం లేచి, "టీచర్, అది మా పాత ఊరి గెడ్డ. మా తాతల కాలంలో అక్కడ ఉండేవారట" అంది. రెండో పాటలో ఆ చరణమే లేదు. పిల్లలు తమంతట తామే తేల్చారు, ఇవి రెండు పాటలని. ఆ రోజు ఆ తరగతిలో తెలుగు, సాంఘికం, సంగీతం, కంప్యూటరు అన్నీ ఒక్క పీరియడ్లో జరిగాయి.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. రెండు ఒకటేనని తేలాక ఏది ఉంచాలి అన్న ప్రశ్న వస్తుంది. చాలా సాధనాలు పెద్ద ఫైలు ఉంచమనో, బిట్‌రేటు ఎక్కువున్నది ఉంచమనో చెబుతాయి. బిట్‌రేటు అంటే సెకనుకు ఎంత సమాచారం దాచారన్న లెక్క. స్టూడియోలో కీబోర్డు వేసి, డీజే కొట్టించి పాడిన పాట 320లో ఉంటుంది. పొయ్యి దగ్గర కూర్చుని అవ్వ పాడితే మనవరాలు పాత ఫోన్లో పట్టింది 64లోనే ఉంటుంది, మధ్యలో కోడి కూత కూడా వినబడుతుంది. యంత్రం లెక్కలో మొదటిది మేలురకం. మన లెక్కలో ఆ కోడి కూత ఉన్నదే పుట్టుక. డీజే పాటను నేను తప్పుపట్టడం లేదు, పిల్లలు ఆడుకోవాలి, పాట బతకాలి. రెండూ ఉంచుదాం. ఆ డీజే పాట ఎవరి నోట పుట్టిందో ఆ పేరు పక్కన రాద్దాం.

పెద్ద పెద్ద సంగీత జాబితాలు నడిపేవాళ్లకు కూడా ఈ తేడా తెలుసు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అని ప్రపంచమంతా వాడే ఉచిత సంగీత సమాచార భాండాగారం ఉంది. అందులో కృతి వేరు, రికార్డింగు వేరు. ఒక కృతి కింద ఎన్ని రికార్డింగులైనా పెట్టొచ్చు. ఒకటి ఉందని రెండోదాన్ని కొట్టేయరు. మనం కూడా అదే పాటించాలి. ఒకే పాటకు పది ఊళ్ల గొంతులుంటే పదీ ఒక గుంపుగా పెట్టుకోవాలి. గుంపు కట్టడం ఒకటి, కొట్టేయడం ఇంకొకటి.

ఇక మన సంఘం ఏం చేయాలో వరసగా చెబుతాను. ఓపికగా వినండి, ఇందులో కష్టమైనది ఏదీ లేదు.

మొదటిది, కార్డు ఎవరిదైనా అందులోంచి కాపీ చేసుకోవాలి, ఏదీ కత్తిరించకూడదు. తెచ్చినవి తెచ్చినట్టు "అసలు" అనే ఫోల్డర్లో పెట్టి దాని జోలికి పోకూడదు. డూప్‌గురు లాంటి సాధనంలో ఒక ఫోల్డరును ప్రమాణంగా గుర్తుపెడితే అందులోంచి ఏదీ తీసేయదు. ఆ గుర్తు తప్పకుండా పెట్టాలి. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. రెండు రకాల వస్తువుల్లో ఉండాలి, అంటే ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి పెన్ డ్రైవులో. ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. వాన, పిడుగు, ఎలుక, దొంగ ఒకేసారి మూడు చోట్లకు రావు.

రెండోది, పేర్లు. ప్రతి పాటకూ ఒకే వరసలో పేరు పెడదాం. ముందు సంవత్సరం, నెల, తేదీ. తర్వాత ఊరు, భాష, పాడినవారు, సందర్భం. సంవత్సరం ముందు పెడితే కంప్యూటరు తనంతట తానే కాలం వరసలో పేరుస్తుంది. దింసా అని రాయాలా ధింసా అని రాయాలా అన్నది సంఘం ఒకసారి కూర్చుని తేల్చి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అది పెద్దల పని. టైపు చేయడం పిల్లల పని.

మూడోది, ఏరివేత. చిరునామా చూసి, హ్యాష్ చూసి తీసే పని యంత్రానికి వదిలేయండి. ధ్వనిముద్ర కలిసినవాటిని యంత్రం చూపిస్తుంది, మనిషి విని ఒప్పుకున్నాకే తీయాలి. పేర్లు కలిసినవాటిని మాత్రం తీయనేకూడదు, గుంపుగా కట్టాలి. వినేటప్పుడు ఇద్దరు కూర్చోవాలి. అందులో ఒకరు ఆ ఊరివాళ్లై ఉండాలి, ఆ భాష తెలిసినవాళ్లై ఉండాలి.

నాలుగోది, తీసినదాన్ని చెరిపేయకూడదు. "పక్కన పెట్టినవి" అని ఒక ఫోల్డరు చేసి అందులోకి జరపాలి. వచ్చే ఏడాది ఇదే సభ జరిగేదాకా అలాగే ఉండాలి. ఎవరైనా వచ్చి "మా అవ్వ పాట ఏదీ?" అంటే వెతికి ఇవ్వగలగాలి. ఏది తీశాం, ఎందుకు తీశాం, ఎవరు విన్నారు అన్నది ఒక రిజిస్టర్లో రాయాలి. మూడు గళ్లు చాలు.

ఐదోది, జాబితాలు రెండు చేయాలి. ఒకటి వినే జాబితా, ఒకటి దాచే జాబితా. పండగరోజు మైకులో పెట్టే జాబితాలో ఒకే పాట ఐదు గొంతుల్లో వస్తే జనం విసుక్కుంటారు, ఆటగాళ్ల అడుగు తప్పుతుంది. అక్కడ ఒకటి చాలు. ఏ ఊరిది పెట్టాలో ఏటా మార్చుకుందాం, ఒక ఏడాది ఒక ఊరిది, ఇంకో ఏడాది ఇంకో ఊరిది. దాచే జాబితాలో మాత్రం అన్నీ ఉండాలి. ప్లేలిస్టు చీటీయే కాబట్టి ఎన్ని చీటీలు రాసుకున్నా పాటలు రెండింతలు కావు, స్థలం పట్టదు. ఈ రెండు జాబితాల తేడా తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం, అనుమతి. అన్ని పాటలూ అందరికీ కాదు. గురువు పూనకంలో పలికే మాటలు, చావు దగ్గర ఏడ్చే పాటలు, దేవత దగ్గర మాత్రమే పాడేవి మన దగ్గర ఉన్నాయి. అవి ఎవరి ఫోన్లోనో దొరికినంత మాత్రాన జాబితాలో చేర్చకూడదు, యూట్యూబులో పెట్టకూడదు. పాడినవారిని అడగాలి. వారు లేకపోతే ఇంటివారిని, ఊరి పెద్దలను అడగాలి. వద్దంటే ఫైలు వాళ్ల చేతికే ఇచ్చేయాలి.

కొందరు అడగొచ్చు, ఇదంతా ఎవరు చేస్తారమ్మా, మాకు కంప్యూటర్ రాదు కదా అని. మీ పిల్లలు చేస్తారు. మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ప్లేలిస్ట్ కలపడం ఒక్క సాయంత్రంలో నేర్చుకుంది. ఆ పిల్లకు రానిది మీకు వచ్చు. ఆ గెడ్డ ఎక్కడుందో, ఆ మాటకు అర్థమేమిటో, ఆ పాట ఏ నెలలో పాడతారో మీరు చెప్పాలి. మన పిల్లలు చదువు కోసం ఐదో ఏటే ఇల్లు వదిలి హాస్టలుకు వస్తున్నారు. పొయ్యి దగ్గర పాట వినే రాత్రులు వాళ్లకు తగ్గిపోయాయి. ఈ జాబితా పనితో సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్ల అవ్వ పక్కన కూర్చోవడానికి ఒక కారణం దొరుకుతుంది. నా మటుకు నాకు ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద లాభం అదే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఒక పిల్ల ఎంతో దూరం నడిచి వెళ్లి, బతిమాలి, వాళ్ల అవ్వ చేత పాడించి తెస్తుంది. మన జాబితాలో దాని పక్కన "డూప్లికేట్, తీసేయబడింది" అని కనబడితే ఆ పిల్లకు ఏం అర్థమవుతుంది? మా ఊరు ఇంకో ఊరికి నకలు అని, మా అవ్వ ఇంకెవరి అవ్వకో నకలు అని అర్థమవుతుంది. ఇప్పటికే బయటి ప్రపంచం మనందరినీ కలిపి "ట్రైబల్స్" అని ఒకే పేరు కింద పెడుతోంది. ఆ పని మన చేత్తో మనం చేయకూడదు. కాపీలను తీసేద్దాం. పాటలను మాత్రం ఉంచుదాం.

ఈ నెలాఖరులోగా ప్రతి ఊరి నుంచి ఇద్దరు, ఒక పెద్ద, ఒక చదువుకున్న పిల్ల లేక పిల్లాడు, తమ ఊరి కార్డులు, పెన్ డ్రైవులు సంఘం ఆఫీసుకు తీసుకురండి. మీ ముందే కాపీ చేసుకుని మీవి మీకు వెంటనే ఇచ్చేస్తారు. ఇంట్లో పాడయిన ఫోను ఉంటే పారేయకండి, అది కూడా తెండి, అందులో కార్డు ఉందేమో చూద్దాం. అన్నిటికంటే ముందు, పాడగలిగిన అవ్వ గానీ తాత గానీ మీ ఇంట్లో ఉంటే, ఈ రాత్రే పక్కన కూర్చుని ఒక్క పాట అడగండి.

 జై ఆదివాసీ!